మూడు తీగలు అతకకముందు

కాలిపోయిన పెట్టెను ప్రదీప్ చేతిరుమాల్లో చుట్టి తెచ్చాడు. విప్పగానే గదంతా మాడు వాసన కొట్టింది.

"అక్కా, ఇది బతుకుతుందంటారా?"

సునయన దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, బల్ల కింది చెత్తబుట్టలో పడేసింది. "దీనికింక కర్మ చేసేదే మిగిలింది. ఏం మోటారు బిగించినావు?"

"పదమూడున్నర చుట్లది. పోయిన ఆదివారం రేసులో అందరూ నన్ను దాటేసి పోతుంటే ఒళ్లు మండి మార్చేశానండీ."

"మోటారు మార్చినావు సరే, దానికి అన్నం పెట్టేదాన్ని మార్చొద్దా? చుట్లు తగ్గేకొద్దీ అది కరెంటు ఎక్కువ లాగతాది. ఈ నలభై ఆంపుల పెట్టె ఎంతని తట్టుకుంటాది పాపం?"

ప్రదీప్ సిగ్గుపడి నవ్వాడు. గుంటూరు పిల్లాడు. షోళింగనల్లూరులో కంప్యూటర్ ఉద్యోగం. వారమంతా మెడలో బిళ్ల వేసుకుని పెద్దమనిషిలా తిరుగుతాడు గానీ, ఆదివారం వచ్చేసరికి మూరెడు పొడవు రిమోట్ కారు చంకన పెట్టుకుని రేసులకు పోతాడు. ఆ కార్లలో బ్యాటరీకీ మోటారుకీ మధ్య అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్ద పెట్టె ఒకటుంటుంది. ఈఎస్సీ అంటారు. చేతిలోని రిమోట్ మీట ఎంత నొక్కితే మోటారుకు అంత కరెంటు వదిలేదీ, మీట వదిలితే బ్రేకు వేసేదీ అదే. దాన్ని సరిగ్గా ఎంచుకోకపోయినా, ఎంచుకున్నదాన్ని సరిగ్గా అమర్చకపోయినా కారు మొదటి మలుపులోనే గోడను గుద్దుకుంటుంది. లేకపోతే ఇట్లా రుమాల్లో వస్తుంది.

"నూట ఇరవై ఆంపులది తీసుకో. సెన్సార్ తీగ తగిలించేది చూసి తీసుకో, అప్పుడే మెల్లగా పోయేటప్పుడు వణక్కుండా కదలతాది."

"నూట అరవైది తీసుకుంటే ఇంకా మంచిది కదండీ?"

"మా అమ్ములుకి నీ బూట్లు తొడిగితే పరిగెత్తతాదా? ఊరికే బరువు. నూట ఇరవై చాలు నైనా."

"ఆదివారానికి అయిపోవాలి మరి."

"రేపు పొద్దున తెచ్చియ్యి. కారూ, ఈ మోటారూ ఈడే పెట్టి పో. బేరింగు గరగరమంటా ఉండాది, మా ఆయన చూస్తాడు."

అమ్ములు కిటికీ కింద పీట ముందు కూర్చుని సీసా మూతలు వరసగా పేరుస్తోంది. ఆమె అసలు పేరు మైత్రి. మూడేళ్ల ఎనిమిది నెలలు. ప్రదీప్ వంగి, "ఏం అమ్ములూ, చాక్లెట్ కావాలా?" అన్నాడు. పిల్ల తలెత్తలేదు. చాక్లెట్ ముఖం ముందు ఆడించాక లాక్కుంది.

"ఈవిడ మా మేనేజర్ కంటే బిజీగా ఉందండీ," అని నవ్వి, కొంచెం గొంతు తగ్గించి, "ఇంకా మాటలు రాలేదా అక్కా?" అన్నాడు.

సునయనకు ఈ ప్రశ్న రోజూ అన్నం తిన్నంత అలవాటే. ఈ ప్రశ్నకు ఆమె దగ్గర మాటల జవాబు లేదు. చూపించే జవాబుంది.

"ఉండు, ఒకటి చూపిస్తా."

అమర్చడం అయిపోయిన ఒక కారును తెచ్చి పీట మీద పెట్టింది. పెట్టె మీది మీట నొక్కి పట్టుకుంది. మోటారు సన్నగా కూసింది, బీ, బీ, బీ, బీ. ఒక్కో కూతకు ఒక్కో దెబ్బ చొప్పున అమ్ములు వేలి కణుపుతో పీట మీద కొట్టింది. టక్, టక్, టక్, టక్. కొట్టి అరచెయ్యి చాపింది. సునయన డబ్బాలోంచి నాలుగు పుట్నాల పప్పు గింజలు తీసి ఆ చేతిలో పోసింది.

"అబ్బో!" అని ప్రదీప్ చప్పట్లు కొట్టాడు. "ఇంత బాగా వింటుంటే మాటలు అవే వస్తాయిలెండి."

ఆ ఒక్క మాటతో సునయనకు ఆ పూటకు ఊపిరాడింది.

సునయన పుత్తూరు దగ్గరి పల్లెలో తొమ్మిది దాకా చదివింది, అదీ తెలుగులో. పదిలో చేరకముందే మాన్పించారు. పెళ్లయి పట్నంలో ఈ చింతాద్రిపేట వచ్చాక, మేడ మీది గదిలో భర్త శంకర్ ఈ కార్లు బాగుచేస్తుంటే చూసి చూసి తనూ పట్టుకుంది. ఈఎస్సీని అమర్చడానికి రెండు దారులున్నాయి. చిన్న తెర ఉన్న కార్డు తగిలిస్తే అందులో ఇంగ్లీషు మాటలు వస్తాయి, చదువుకుంటూ మార్చుకోవచ్చు. ఆ దారి సునయనది కాదు. రెండో దారి కూతలది. పెట్టెకు సొంత గొంతు లేదు. దానికి మూడు తీగలతో అతికిన మోటారే సన్నగా కంపించి దాని తరఫున కూస్తుంది. మొదటి సంగతికి ఒక్క కూత, రెండో సంగతికి రెండు, మూడోదానికి మూడు. బ్యాటరీ ఎంతకు దిగితే ఆపెయ్యాలి, మీట వదిలితే బ్రేకు ఎంత పడాలి, బయల్దేరేటప్పుడు ఎంత విసురుండాలి, అన్నీ ఆ లెక్కలోనే. కూతతోపాటు పెట్టె మీద చిన్న ఎర్రలైటు కూడా మిణుకుమంటుంది గానీ సునయన దాని మొహం చూసింది లేదు. పొయ్యి మీద పాలు కనిపెట్టుకుంటూ, వీపు తిప్పుకునే లెక్కపెట్టగలదు. శంకర్‌కు చదువుంది, ఆ చెవి లేదు. అందుకే పళ్లచక్రాలూ స్ప్రింగులూ అతనివి, ఈ పెట్టెలు ఆమెవి.

అమ్ములు పాకే రోజుల్నించీ ఆ పీట దగ్గరే పెరిగింది. రెండేళ్లు నిండాక ఒకరోజు సునయన పొయ్యి వైపు తిరిగి కూతలు వింటుంటే, వెనకాల పీట మీద వాటితో కలిసి చిన్న దెబ్బలు వినిపించాయి. తిరిగి చూస్తే అమ్ములు. ఆనందం పట్టలేక పుట్నాలు పెట్టింది. అప్పట్నుంచీ అదొక ఆటయింది.

తర్వాత అది ఆట మాత్రమే కాకుండా పోయింది. ఎందుకంటే పిల్లకు మాట రాలేదు. 'మ్మ' అనే ఒక్క చప్పుడు తప్ప. పిలిస్తే పలకదు. అత్త తంగమ్మ, "మా శంకర్ నాలుగేండ్లకు గానీ నోరు తెరవలా, మా వంశమే అంత," అని కొట్టిపారేసేది. ఎదురింటివాళ్లు మొండి అనేవాళ్లు. సునయనకు లోపల ఎక్కడో భయం పురుగులా దొలుస్తుండేది. దొలిచినప్పుడల్లా మీట నొక్కేది. టక్, టక్, టక్. వింటా ఉండాది నా బిడ్డ. మాటే ఆలస్యం.

ఏడాది కిందట, బాల్వాడీలో మృణాళిని టీచరు ఆమెను పక్కకు పిలిచింది. ఆ టీచరుది తాతల కాలంనుంచీ చింతాద్రిపేటే. "సునయనా, బిడ్డ చెవులు ఒకసారి పెద్దాసుపత్రిలో చూపిద్దామ్మా. నేను వెనకాల నిలబడి చప్పట్లు కొడితే తిరగడం లేదు," అని ఒక చీటీ రాసిచ్చింది.

సునయన ఆ చీటీని స్క్రూల డబ్బాలో పడేసింది. మర్నాడు చంకలో పిల్లను, చేతిలో కారును పెట్టుకుని బాల్వాడీకి పోయింది. పిల్లల్ని దింపడానికి వచ్చిన తల్లులందరూ చూస్తుండగా, కారును అమ్ములు ముందు పెట్టి మీట నొక్కింది. అయిదు కూతలు. అయిదు దెబ్బలు.

"ఇప్పుడు చెప్పు టీచరా! చెవిటిదా నా బిడ్డ?"

టీచరు ముఖం చిన్నబోయింది. "లేదమ్మా. నేనే సరిగ్గా చూడలా. ఏమనుకోబాక," అంది.

ఆ రోజు సునయన తల ఎత్తుకుని ఇంటికి వచ్చింది. చదువు లేకపోతేనేం, టీచరుకే చూపించి వచ్చానని శంకర్‌తో పదిసార్లు చెప్పుకుంది.

వినే బిడ్డ పిలిస్తే పలకకపోతే తల్లికి కోపం రాదా? మొన్న అరవవాళ్ల ఆడి నెల పండగప్పుడు, గుడి దగ్గర చెయ్యి వదిలించుకుని అమ్ములు నీళ్ల లారీకి అడ్డంగా పోయింది. తల్లి మూడుసార్లు పిలిచింది, గొంతు చిరిగేలా. తిరగలేదు. డ్రైవరు బ్రేకు వేసి బండబూతులు తిట్టాడు. సునయన పిల్లను ఈడ్చుకొచ్చి పిక్కల మీద వాతలు తేలేట్టు కొట్టింది. "పలకవా? పిలిస్తే పలకవా నువ్వు?" అని అడుగుతూ కొట్టింది. అమ్ములు ఏడుస్తూ, కన్నీళ్లలోంచి తల్లి నోటి వంకే చూసింది, రెప్ప వెయ్యకుండా.

గురువారం పొద్దున ప్రదీప్ కొత్త పెట్టె తెచ్చిచ్చి, ఆఫీసుకు టైమయిందని బండి మీద పరిగెత్తాడు. మోటారు శంకర్ దగ్గర, కింద వసారాలో, విప్పి ఉంది. సునయన బ్యాటరీ తీగలు రెండూ సాల్డర్ చేసింది. మోటారు వైపు మూడు తీగలు తర్వాత అతకొచ్చులే, ముందు అతుకు గట్టిగా ఉందా, పెట్టె మీది చిన్న ఫ్యాను తిరుగుతోందా చూద్దామని పీట మీద పెట్టి స్విచ్చి వేసింది.

ఫ్యాను తిరిగింది. కూత రాలేదు. ఎట్లా వస్తుంది, కూసేందుకు మోటారే లేదు కదా.

టక్, టక్.

సునయన చెయ్యి అలవాటు కొద్దీ పుట్నాల డబ్బాలోకి పోయింది. పోయి అక్కడే ఆగిపోయింది.

అమ్ములు అరచెయ్యి చాపుకుని ఎదురుచూస్తోంది.

రెండు సెల్లుల బ్యాటరీ తగిలిస్తే ఎప్పుడూ రెండు కూతలే. స్విచ్చి వేస్తే రెండని దానికి నోటికొచ్చినట్టు చేతికొచ్చేసింది, అంతే, అనుకుంది సునయన. అనుకుంటూనే పెట్టెను దగ్గరకు లాక్కుంది. మీట నొక్కి పట్టుకుంది. ఇన్నేళ్లలో మొట్టమొదటిసారి ఆ ఎర్రలైటు వంక చూసింది.

లైటు ఒకసారి మిణుకుమంది. టక్. రెండుసార్లు. టక్, టక్. మూడుసార్లు. నాలుగుసార్లు. గదిలో కూత లేదు. పిల్ల వేలి కణుపు చప్పుడొక్కటే ఉంది. అమ్ములు కళ్లు ఆ లైటు మీదే ఉన్నాయి. ఎప్పుడూ అక్కడే ఉన్నట్టున్నాయి. చూడాల్సిన మనిషే పొయ్యి వైపు తిరిగి నిలబడింది.

కింద వసారాలో శంకర్ బేరింగు తుడుస్తున్నాడు. సునయన మెట్లు ఎలా దిగిందో ఆమెకు తెలియదు.

"ఏందిమే, మొహం అట్టుండాది? షాకు కొట్టిందా?"

"మోటారు బిగించియ్యి."

"సాయంత్రానికి ఇస్తాలే, నూనె..."

"ఇప్పుడే బిగించియ్యయ్యా. నీకు దణ్ణం పెడతా."

మళ్లీ పైకి వచ్చి మూడు తీగలూ అతికింది. ఒక అతుకు రెండుసార్లు చెయ్యాల్సి వచ్చింది. ఎర్రలైటు మీద నల్ల టేపు రెండు పొరలు వేసింది. పెట్టెనూ మోటారునూ పీటకు తగలకుండా చేతుల్లో ఎత్తి పట్టుకుని అమ్ములు వెనకాల నిలబడింది. శంకర్ గుమ్మంలో నిలబడి అర్థంకాక చూస్తున్నాడు.

అయిదు కూతలు. అమ్ములు సీసా మూతలు పేరుస్తూనే ఉంది.

"ఆటలో ఉండాది కదా," అన్నాడు శంకర్. "ఇంకోసారి చెయ్యి."

ఇంకోసారి చేసింది. తర్వాత ఇంకోసారి. శంకర్ ముందుకొచ్చి పిల్ల వెనక గట్టిగా చప్పట్లు కొట్టాడు. స్టీలు పళ్లెం ఎత్తి దాని మీద గరిటెతో కొట్టాడు. చివరికి, "అమ్ములూ!" అని ఇల్లదిరిపోయేట్టు అరిచాడు.

"ఏందిరా ఆ అరుపు?" కింద గిన్నెలు తోముకుంటున్న తంగమ్మకు వినబడింది. పక్కింటి కుక్క మొరిగింది. రెండు అడుగుల దూరంలో ఉన్న అమ్ములు ఎర్ర మూత తీసి పచ్చ మూత పక్కన పెట్టింది.

అప్పుడు రైలు పోయింది, కూవం నది పక్క వంతెన మీద. అమ్ములు లేచి కిటికీ దగ్గరకు పరిగెత్తింది. శంకర్ ముఖం విప్పారింది. "చూడు, చూడు! రైలు వినింది!"

సునయన కింద కూర్చుని అరచేతిని నేల మీద ఆనించింది. శంకర్ చేతిని కూడా లాగి పక్కన పెట్టింది. నేల సన్నగా అదురుతోంది. ఇద్దరూ ఆ అదురు ఆగిందాకా అట్లాగే ఉన్నారు. కిటికీ దగ్గర్నుంచి తిరిగొచ్చిన అమ్ములు, అమ్మానాన్నలు కొత్త ఆట ఆడుతున్నారనుకుని తనూ అరచెయ్యి నేలకు ఆనించి నవ్వింది.

తంగమ్మ తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ మెట్లెక్కి వచ్చింది. సంగతి విని కోడలి మీద లేచింది. "నోరు కడుక్కోమ్మే! బిడ్డకు లేని రోగం అంటగట్టబాక. మా శంకర్ కూడా నాలుగేండ్లు వచ్చిందాకా..."

"అత్తా, నీ కొడుకు పిలిస్తే తిరిగేవాడా?"

తంగమ్మ కొడుకు వైపు చూసింది. మనవరాలి వైపు చూసింది. ఆమె అబద్ధం చెప్పాలనుకుంది, అది ముఖంలో కనబడింది. చెప్పలేకపోయింది.

"తిరిగేవాడు," అంది. అని గోడకు చేరగిలబడి కూర్చుంది.

స్క్రూల డబ్బా బోర్లించితే చీటీ అడుగున దొరికింది. తుప్పు మరక పడి, మడతల దగ్గర చిరిగింది. దాన్ని పట్టుకుని సునయన బాల్వాడీకి పోయింది. తల్లులు పిల్లల్ని తీసుకుపోయే వేళ. పోయిన ఏడాది చూసినవాళ్లే సగంమంది. మృణాళిని టీచరు చీటీ చూసి, సునయన చెప్పుకొచ్చినదంతా విని, దాన్ని మళ్లీ మడతల వెంబడే మడిచింది.

"నన్ను తిట్టు టీచరా. ఆ రోజు నేనన్న మాటలకు నన్ను నాలుగు తిట్టు."

"నిన్నేమని తిట్టేది?" అంది టీచరు. కళ్లద్దాలు తీసి చీర అంచుతో తుడిచింది, పెట్టుకుంది, మళ్లీ తీసింది. "నేనూ నమ్మేసినానే. ఆ కారు చూసి నేనూ నమ్మేసినా. ఆ పొద్దు మొదలు దాని వెనకాల నిలబడి చప్పట్లు కొట్టడం మానేసినానమ్మా."

సునయనకు తిట్టు తిన్నా ఇంత బాధ ఉండేది కాదు.

టీచరు తనకు తెలిసిన నర్సుతో మాట్లాడి, శుక్రవారం పొద్దునే పెద్దాసుపత్రికి తీసుకుపోయింది. అమ్ములుకు మందు తాగించి నిద్రపుచ్చారు. నుదుటి మీద, చెవుల వెనక చిన్న బిళ్లలు అంటించి వాటికి తీగలు తగిలించారు. ఎరుపు, నీలం, తెలుపు. సునయన ఆ తీగలు ఎక్కడికి పోతున్నాయో కళ్లతో వెంటపడి చూసింది. ఏ తీగ దేనికో తెలుసుకుంటే ఏదో ఒక అతుకు వదులుగా ఉందని కనిపెట్టొచ్చునేమో అన్నట్టు చూసింది. చెవుల్లోకి చప్పుడు పంపి, తల లోపల కదలిక వస్తుందా రాదా అని తెర మీద చూస్తారట. పరీక్ష చేసే అమ్మాయి చప్పుడు పెంచుకుంటూ పోయింది. తెర మీద గీత కొంచెం వణికింది, అంతే. ఇంకా పెంచింది. సునయన మనసులో ఆ గీతతో ఒకటే అంది: ఒక్కసారి, ఒక్కసారి లేవవే తల్లీ. ఇంక పెంచడానికి లేదని ఆ అమ్మాయి ఆపేసింది.

డాక్టరమ్మ అరవంలో చెప్పింది. ఆమె మంచిగానే మాట్లాడింది, కోప్పడలేదు. రెండు చెవులూ. పుట్టుకతోనే కావచ్చు. చెవి మిషన్లు పెట్టి చూద్దాం, మాట్లాడటం నేర్పే చోటికి రోజూ తీసుకురండి, ఆపరేషన్ సంగతి ఆ తర్వాత. కాకపోతే ఒక మాట ముందే చెప్పాలి. చెవినుంచి మెదడుకు పోయే దారి చిన్నప్పుడు వాడకపోతే కొంచెం కొంచెంగా పూడిపోతుంది. మాట ఎంత వస్తుందో నేను చెప్పలేను. మొదటిసారి మీకు అనుమానం ఎప్పుడు వచ్చింది?

సునయన ఒళ్లో నిద్రపోతున్న పిల్లను సర్దుకుంది.

"ఎవరూ చెప్పలేదా? ఎక్కడా చూపించమనలేదా?"

టీచరు ఏదో చెప్పబోయింది. సునయన ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. "చెప్పినారు. పోయిన సంవత్సరమే చెప్పినారు. నేనే వద్దన్నా."

డాక్టరమ్మ పెన్ను కాసేపు కాగితం మీద ఆగింది. తర్వాత రాసుకుంది. ఇంగ్లీషులో ఏం రాసిందో సునయనకు చదవడం రాలేదు.

బయట వరండాలో అమ్ములుకు మెలకువ వచ్చింది. నుదుటి మీద జిగురు మరక గోక్కుంటూ, అలవాటైన ముఖం కోసం వెతికి, తల్లిని చూసి నవ్వింది. సునయన "అమ్ములూ" అంది. మూడేళ్ల ఎనిమిది నెలల్లో ఎన్ని వేలసార్లు అని ఉంటుందో ఆ మాట. దాని పేరు దానికి తెలియదు. తనకొక పేరుందనే తెలియదు. జోలపాటలూ, చందమామను చూపించి చెప్పిన కథలూ, వాతలు తేలేట్టు కొట్టాక రాత్రంతా చెవిలో గొణిగిన క్షమాపణలూ, ఏ ఒక్కటీ చేరలేదు. కొట్టిన దెబ్బలు మాత్రం చేరాయి.

శనివారం పొద్దున ఇంట్లో ఎవరూ పొయ్యి వెలిగించే తొందరలో లేరు. శంకర్ గొంతు సవరించుకున్నాడు. "ప్రదీప్ కారు నేను కార్డు పెట్టి చేస్తాలేమే. నువ్వు పడుకో."

"వద్దు. నేను చేస్తా."

"టేపు తీసేసినావా లైటు మీద?"

"తీసినా."

కారును పీట మీద పెట్టింది. మొదట రిమోట్ మీటకూ పెట్టెకూ లెక్క కలిపింది, పూర్తిగా నొక్కి ఒకసారి, వెనక్కి తోసి ఒకసారి, వదిలి ఒకసారి. బ్యాటరీ మరీ దిగకముందే ఆగేట్టు పెట్టింది. కొత్త మోటారు విసురు ప్రదీప్ తట్టుకోలేడని బయల్దేరే జోరు ఒక మెట్టు తగ్గించింది. ఇన్నాళ్లూ చెవితో చేసిన పని. ఈ రోజు ప్రతి కూతా చెవిలో గుచ్చుకుంటోంది. తనకింత సన్నటి కూత కూడా వినబడుతోంది. బిడ్డకు మాత్రం లారీ హారన్ వినబడదు.

పీటకు అటువైపు అమ్ములు వచ్చి కూర్చుంది. టక్, టక్, టక్. చెయ్యి చాపింది.

సునయన డబ్బా వైపు చూసింది. పెడితే, ఇన్నాళ్లూ తనను తాను మోసం చేసుకున్న ఆటకు మళ్లీ కూలి ఇచ్చినట్టు. పెట్టకపోతే, దానికి ఎలా తెలుస్తుంది? ఎలా చెప్పాలి? తప్పు కొట్టాననుకుంటుంది. అది ఒక్కసారీ తప్పు కొట్టలేదు. మూడు గింజలు ఆ చేతిలో పెట్టింది.

కారు తీసుకుపోదామని ప్రదీప్ మెట్లెక్కి వచ్చాడు. గుమ్మంలో చెప్పులు విడుస్తుంటేనే బ్రేకు లెక్కకు మోటారు కూసింది, నాలుగు. టక్, టక్, టక్, టక్.

"ఏం చెవులండీ బాబూ!" అన్నాడు ప్రదీప్ మనస్ఫూర్తిగా. "అచ్చం అమ్మ చెవులే వచ్చాయి."

శంకర్ లేచి కిందికి దిగిపోయాడు. సునయన స్విచ్చి కట్టేసి, కారును రెండు చేతులా ఎత్తి ప్రదీప్‌కు అందించింది.

"బ్రేకు తక్కువే పెట్టినా నైనా. మలుపుకు ముందే మీట వదిలెయ్యి. పెట్టె వేడెక్కితే ఆపెయ్యి, మొండితనం చెయ్యబాక."

"అట్లాగే అక్కా. ఒంట్లో బాగాలేదా? అదోలా ఉన్నారు."

"బాగానే ఉండా. నువ్వు పోయిరా."

అతను మెట్లు దిగిన చప్పుడు ఆమె చివరిదాకా వింది. వీధి తలుపు వేసిన చప్పుడూ, బండి స్టార్టయిన చప్పుడూ వింది. పీటకు అటువైపు అమ్ములు, కారు లేని చోటునే చూస్తూ, అరచెయ్యి ఇంకా చాపుకునే ఉంది. నాలుగు గింజలు రావాలి దానికి.

సునయన డబ్బా మూత తీసింది.